అన్నిటికీ తొంభై ఆరే

ధనిష్ఠ కార్తె, సోమవారం

ఇంటి వాసనల లాగ్ ఇక రాయనక్కర్లేదని కంపెనీ చెప్పేసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే చేసిన పని అది. ఇంట్లో ఏ వాసన తగిలినా రాసి పంపాలి. మా ముక్కులు మొద్దుబారలేదని వాళ్ళకు నమ్మకం కుదరాలి. ముక్కులో పెట్టే కొత్త పొర వచ్చింది కాబట్టి ఆ చాకిరీ తప్పిందని విదుషి మేడం సంబరంగా చెప్పింది. ఆమె విహంగ వైన్స్‌కు క్వాలిటీ హెడ్, సిటీ మనిషి, ఎవరినీ గద్దించదు. నాకు భయం అందుకే. పొద్దున్నే నాలుగు ముక్కలు రాయకపోతే నాకు మొహం కడుక్కోనట్టే ఉంటుంది. అందుకని పాత లేబుల్ కాగితాల వెనక నాకోసం రాసుకుంటున్నాను.

ఈ పొద్దు వాసనలు. మా పాప తుంగ తల: పాలు, చెమట, రాత్రి కక్కిన జావ పులుపు. మా ఆయన అక్కులప్ప చొక్కా: తడి నైలాను, తుప్పు. గుట్ట మీద పొగమంచును ఒడిసిపట్టే వలలు దులిపి నీళ్ళు పట్టే పని ఆయనది. బిందెలో నీళ్ళు: ఏ వాసనా లేదు. మంచిదే.

ధూళి జ్వరంలో ఊళ్ళకు ఊళ్ళే వాసన పోగొట్టుకున్నాయి. ఈ గుట్టల మీద ముక్కు మిగిలినవాళ్ళం పద్నాలుగు మందిమి, అందరినీ విహంగ వాళ్ళే ఏరుకున్నారు. వాసన తెలియని జనానికి వైన్ ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. సీసా మెడకో సాచెట్ మూలకో ఒక బిళ్ళ వేలాడుతుంది. దాన్ని కణతకు అంటించుకుని తాగితే, ఆ వైన్ రుచి చూసినప్పుడు నాకు ఏమనిపించిందో వాళ్ళకూ అదే అనిపిస్తుంది. నా ముక్కులో పొర ఉండేది ఆ అనిపించడాన్ని పట్టి బిళ్ళకెక్కించడానికే. అంటే జనం తాగేది సగం ద్రాక్షరసం, సగం నన్ను. ఈ మాట అంటే అక్కులప్ప, "అందుకేనేమో తాగినోళ్ళంతా ఇంట్లో వాళ్ళ మీద ఎగురుతాండారు," అంటాడు. ముక్కు మీద కోపమని నాకు పేరు.

పాత పొర తీసి కొత్తది నిన్న పెట్టారు. ఉల్లిపొర కన్నా పల్చన. తుమ్ము కూడా రాలేదు.

ధనిష్ఠ కార్తె, గురువారం

విహంగకు పదకొండు లేబుళ్ళు. అన్నిటికీ పక్షుల పేర్లే, ఆ పక్షులను మాత్రం మా తరం చూడలేదు. సాచెట్లలో అమ్మే గువ్వ అన్నిటికన్నా అడుగున ఉంటుంది, రాయంచ అన్నిటికన్నా పైన. ఈ ఏడు పదకొండు లేబుళ్ళనూ మెట్టు పైకెక్కించాలని కంపెనీ పట్టు పట్టింది. రుచి హాల్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు: ఏ సీసా తీసినా పండగే.

ఇదివరకు మా బల్ల మధ్యలో గీటు గ్లాసు ఉండేది. అందులో పాత రాయంచ పోసేవాళ్ళు. నేరేడు పండు, చెరకు పానకం, తొలి చినుకు పడ్డ మట్టి: అదీ దాని వాసన. ముందు దాన్ని చూసి, మిగతావాటిని దానితో పోల్చి నూటికి మార్కులు వేసేవాళ్ళం. సాయంత్రానికి ఆ గ్లాసు పారబోసేవాళ్ళు. ఇప్పుడు బల్ల మీద గ్లాసు లేదు. ఆ వాసనను పొరలోనే పెట్టేశారు, ఎప్పుడూ ముక్కులోనే ఉంటుంది.

"అందరికీ ఒకటే కొలత. ఇక మీలో మీకు గొడవలుండవు," అంది మేడం.

మాలో పెద్దవాడు సంజీవరాయుడు. గువ్వ గ్లాసు చేతికివ్వగానే, "దీని కంటే వల పిండుకోని తాగేది మేలప్పా," అని బల్ల మీద గుద్దేవాడు. అరవై దాటి ఎన్నడూ వేసింది లేదు. ఈ రోజు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తొంభై వేశాడు. నేను కూడా తొంభై వేశాను.

"ఏమైందన్నా నీకు?" అంటే, "బాగుండాది మే. నేనేం చేసేది, బాగుండాది," అన్నాడు. దొంగతనం ఒప్పుకుంటున్న మనిషిలా అటూ ఇటూ చూశాడు.

పద్నాలుగు మందిమీ తొంభై వేశామని తర్వాత తెలిసింది. మేడం అందరికీ లడ్డూలు పంచింది.

శతభిషం కార్తె, ఆదివారం

మా కాలనీలో తాలింపు నిషేధం. ఒక ఇంట్లో ఆవాలు చిటపటమంటే పక్కింటి ముక్కు కూడా చెడుతుందని రూలు. అగరొత్తులు లేవు, మల్లెపూలు లేవు, ఇంగువ డబ్బా దొరికితే ఫైను. ఆరు రోజులు ఉడకబెట్టిన పప్పులో ఉప్పేసుకుని తింటాం. సెలవు రోజున గుట్ట అవతల, గాలి మా వైపు వీచని చోట కట్టిన తాలింపు షెడ్డుకు పోతాం. ఆ రోజు అక్కడ కాలనీ అంతా ఉంటుంది. ఆరు రోజుల నోళ్ళు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, ఆవాలకన్నా ఎక్కువగా మనుషులే చిటపటలాడతారు.

ఈ రోజు నూనె కాగాక ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేశాను. వాసన వచ్చింది. కానీ దాని వెనకాల నేరేడు పండు నిలబడి ఉంది. మూకుడు కడగలేదేమో అనుకుని కడిగి మళ్ళీ పెట్టాను. అప్పుడూ అంతే.

కొత్త పొర కదా, సర్దుకుంటుందిలే.

ఈ పొద్దు వాసనలు. తుంగ తల: పాలు, చెమట, కొంచెం నేరేడు. అక్కులప్ప చొక్కా: తుప్పు, నేరేడు. నీళ్ళు: మంచివే.

పూర్వాభాద్ర కార్తె, బుధవారం

ఎండలు ముదురుతున్నాయి. తోట కూలీలుండే లేబర్ లైన్ల ఆడవాళ్ళు పొద్దున్నే మా కిటికీ దగ్గర బిందెలతో నిలబడతారు. వాళ్ళెవరికీ ముక్కుల్లేవు. ఒక్కో బిందె దగ్గర వంగి వాసన చూసి, మంచిదో కాదో చెప్తాను. ఎండ ముదిరిందంటే వలల పైపుల్లో పసరనే విషం పుడుతుంది. కంటికి కనబడదు, కాస్తే పోదు. కుళ్ళిన వెల్లుల్లి వాసన ఒక్కటే దాని ఆనవాలు. పంపు దగ్గర మీటరు ఉంది. పసరు ఉంటే ఎర్రదీపం వెలుగుతుంది కానీ, అది తేల్చేసరికి పూట గడిచిపోతుంది, అప్పటికే ఆ నీళ్ళు కడుపులో ఉంటాయి. పోయిన ఎండాకాలం అవతలి గుట్ట లైన్లలో పసిపిల్లలు చచ్చిపోయారు, అక్కడ వాసన చూసేవాళ్ళు లేక. మా వైపు ఒక్కరికీ ఏమీ కాలేదు. అది నా గొప్పే, దాచుకోను.

ఈ రోజు బిందెలన్నీ మంచివే. చివర్లో నరసింగమ్మ వచ్చింది. లైన్లలో నాకు దగ్గరైన మనిషి ఆమె, తుంగ పుట్టినప్పుడు పురుడు పోసింది కూడా ఆమే. మూడేళ్ళ కూతురు గంగిని చంకన వేసుకుంది. గంగి బిందెలో చెయ్యి పెట్టి నా మీద నీళ్ళు చల్లింది.

"మంచిది, పట్టుకపో," అన్నాను.

పూర్వాభాద్ర కార్తె, గురువారం

నిన్న మధ్యాహ్నం పంపు మీద ఎర్రదీపం వెలిగింది. తాగిన పెద్దవాళ్ళం వాంతులతో బయటపడ్డాం. గంగి ఆసుపత్రిలో ఉంది.

బిందె దగ్గర వంగిన నిమిషాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. వెల్లుల్లి లేదు. ఒట్టు, లేదు. నేరేడు ఉంది. పొద్దుటి నుంచీ అన్ని బిందెల్లోనూ నేరేడే ఉంది, నీళ్ళలో నేరేడు ఎందుకుంటుందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. వాసన బాగుంది కాబట్టి మంచివే అనేశాను.

నిన్న తుంగకు జావ కాచింది కూడా ఆ నీళ్ళతోనే. పిల్ల ఒక్క చుక్క ముట్టలేదు, మొండికేసిందని దాన్ని తిట్టి పారబోశాను. తాగి ఉంటే?

ఉత్తరాభాద్ర కార్తె, ఆదివారం

తాలింపు షెడ్డు వెనక్కి సంజీవరాయుడన్నను పిలిచి జరిగింది చెప్పాను. ఆయన జేబులోంచి ఇంగువ డబ్బా తీసి నా ముక్కు కింద పెట్టాడు. నేరేడు, పానకం, మట్టి. పొయ్యి మీద ఎండుమిర్చి మాడ్చాడు. ఇద్దరం దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం, గొంతు మండిపోయింది. వాసన మాత్రం నేరేడు, పానకం, మట్టి.

"నిన్న ఏం చేస్తినో తెల్సునా?" అన్నాడు. "హాల్లో ఎవురూ లేనప్పుడు ఉమ్మి బకెట్టు ఎత్తి వాసన చూస్తి. పద్నాలుగు మందిమి ఉమ్మిన బకెట్టు మే అది. తొంభై ఆరు వేస్తి."

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. ఆ పెద్దమనిషి ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. ఇంటికొచ్చాక నాకూ నవ్వు పోయింది.

ఉత్తరాభాద్ర కార్తె, మంగళవారం

మేడం దగ్గరికి పోయాను. పొర తీసేయమన్నాను.

"కూర్చో చౌడేశ్వరీ. టీ తాగుతావా?" అంది. తాగనన్నాను. టీ కూడా నేరేడే కదా.

"మన గువ్వ నిజంగా బాగుపడాలంటే తోటలు మార్చాలి, నేల మార్చాలి, వాన తెప్పించాలి. ఎన్నేళ్ళు పడుతుందో నీకు తెలుసు. మీరైతే ఒక్క మధ్యాహ్నంలో బాగుపడ్డారు. ఇప్పుడు సాచెట్ తాగేవాడికి కూడా రాయంచ అందుతోంది. ఇందులో ఎవరికి నష్టం?"

"గంగికి, మేడం. గంగి ఆసుపత్రిలో ఉంది."

ఆమె మొహం నిజంగానే వాడిపోయింది. ఆసుపత్రి ఖర్చంతా కంపెనీ చూసుకుంటుందంది. నీళ్ళకు కొత్త మీటరు పై ఆఫీసు వాళ్ళను అడుగుతానంది. పొర సంగతి ఎత్తితే తల అడ్డంగా ఊపింది. "తీయొచ్చు. కానీ ఇది నరానికి అతుక్కునే రకం. దాన్ని లాగితే వాసన కూడా దానితోపాటే పోతుంది. తర్వాత నీ ఇష్టం."

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అడిగింది. "మీ పాపకు ఎన్నో నెల?"

"ఏడు నిండాయి మేడం. ఎందుకు?"

"కొత్త ముక్కులు వెతుకుతున్నాం. మీ వయసులో పొర పెడితే పాత వాసనలు గుర్తొచ్చి బాధపడుతున్నారు. పసివాళ్ళకు ఆ ఇబ్బంది ఉండదు, పోల్చుకోవడానికి వేరే వాసనే తెలియదు కదా."

"మా పాపకు రెండో నెలలోనే ధూళి జ్వరం వచ్చింది. దానికి వాసన తెలియదు," అన్నాను. జ్వరం తగిలిన పసిపిల్లలకు ముక్కు మిగలదని అందరికీ తెలిసిందే, నేనూ అదే నమ్మాను. పుట్టాక మొదటిసారిగా ఆ జ్వరానికి దండం పెట్టుకున్నాను.

రేవతి కార్తె, శుక్రవారం

నరసింగమ్మకు నిజం చెప్పేశాను. నా ముక్కు చెడిపోయిందని, గంగికి ఇలా కావడానికి నేనే కారణమని చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. గంగి ఇంటికొచ్చింది కానీ కాళ్ళు ఇంకా నిలబడటం లేదు.

ఈ పొద్దు ఆమె మళ్ళీ బిందెతో కిటికీ దగ్గరికొచ్చింది. "నాకు తెల్దని చెప్పినా కదా," అంటే, "ఇంగెవురికి చూపిచ్చేది?" అంది. నేను తల వంచుకుని లోపలికి వచ్చేశాను.

తర్వాత తుంగకు జావ పట్టబోయాను. చెంచా దగ్గరికి రాగానే పెదవులు బిగించి మొహం అటు తిప్పేసుకుంది. ఇటు పెడితే అటు, అటు పెడితే ఇటు. నాకు తెలుసుగా నా కోపం. బుగ్గలు నొక్కి పట్టి నోట్లో పోయబోయాను. పిల్ల ముక్కు చిట్లించి, నుదురు ముడిచి, నాలుక బయటపెట్టింది. వెనకటికి గువ్వ గ్లాసు చేతికిస్తే రాయుడన్న పెట్టే మొహం అది, అచ్చం అదే.

చెంచా కింద పెట్టేశాను. మొన్న పట్టి మూత పెట్టిన కుండలోంచి కొన్ని నీళ్ళు తెచ్చి ఇచ్చాను, గటగటా తాగింది. ఈ పొద్దుటి బిందెలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టాను, మొహం తిప్పుకుంది. మళ్ళీ కుండ, మళ్ళీ బిందె. ఒక్కసారీ తప్పలేదు.

గంగి పడిపోయిన రోజు కూడా ఇది మొండికేయలేదు. చెప్పింది. నేనే వినలేదు.

నరసింగమ్మ వెనకాల పరుగెత్తి, ఆమె బిందె నేనే తన్ని ఒంపేశాను, లైన్లలో ఎవరూ ఆ నీళ్ళు ముట్టకుండా కేకేయించాను. మధ్యాహ్నానికి ఎర్రదీపం వెలిగింది.

అక్కులప్పకు చెప్తే ఆయన తుంగను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "నా బంగారే! నీకు ముక్కుండాదా!" అని కేకలు. నేను పోయి ఆయన నోరు మూశాను. మా ఇంటికీ మేడం ఇంటికీ మధ్య రెండే గోడలు.

రేవతి కార్తె, సోమవారం

మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. తుంగను ఒళ్ళో పెట్టుకుంటాను. బిందె మీద నేను వంగినట్టే వంగి, నీళ్ళు తగిలిన వేలు పిల్ల ముక్కు దగ్గరగా పోనిచ్చి, దాని మొహం చూసి చెప్తాను. చెప్పేది నేనే అనుకుంటున్నారు అందరూ. నరసింగమ్మ మాత్రం ఈ రోజు నన్ను చూడలేదు, పాపనే చూసింది. చూసి, తల మీది కొంగు తీసి కిటికీకి అడ్డంగా పట్టుకుంది, ఎండ తగులుతాందని వెనకవాళ్ళకు చెప్పింది.

ఈ మాట కాగితం మీద పెట్టడం కూడా భయమే. రాశాక కాల్చేస్తాను. కానీ ఎక్కడో ఒకచోట నిజం చెప్పాలి కదా.

గువ్వకు ఈ రోజు తొంభై ఆరు వేశాను. రాయంచకూ తొంభై ఆరే. పదకొండింటికీ అంతే.

అశ్వని కార్తె, గురువారం

మేడం మా ఇంటికి వచ్చింది. పిల్లల ఆరోగ్య పరీక్ష అంది. చేతిలో చిన్న పెట్టె. నేను బిందెల పని ముగించి అప్పుడే లేచాను, నరసింగమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది.

పెట్టెలోంచి చిన్న సీసా తీసి మూత విప్పింది. గది నిండా నేరేడు, పానకం, మట్టి. అది నిజంగా ఏమిటో నాకు తెలియదు. దుర్వాసనే అయి ఉంటుంది, మేడం ధూళి జ్వరంలో వాసన పోయిన మనిషి కాబట్టి నింపాదిగానే ఉంది. ఒక కాగితం ముక్క అందులో ముంచి తుంగ మొహం దగ్గరికి తెచ్చింది.

పిల్ల ముక్కు చివర కదలడం చూశాను. నుదురు ముడతపడటం మొదలైంది. ఆ ముడత పూర్తిగా పడితే ఇక నా కూతురు నాది కాదు.

గౌను కింద చెయ్యి పెట్టి తొడ మీద గట్టిగా గిల్లాను.

కెవ్వుమంది. మొహమంతా ఎర్రబడి, ఏ ముడత ఎందుకు పడిందో ఎవరికీ తెలియకుండా పోయింది.

"ఎందుకు ఏడుస్తోంది?"

"కొత్త మొహం కదా మేడం. అందరికీ ఇంతే."

కాసేపు ఊరుకోబెట్టమంది. ఊరుకోబెట్టాను. మళ్ళీ కాగితం తెచ్చింది. మళ్ళీ గిల్లాను, అదే చోట. ఆమె పిల్లను చాలాసేపు చూసింది, తర్వాత నన్ను చూసింది. పెట్టె మూసింది.

"పర్వాలేదు. కొందరు పిల్లలకు ఆలస్యంగా తిరిగొస్తుంది. వచ్చే కార్తెలో మళ్ళీ చూద్దాం," అని తుంగ బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది.

నరసింగమ్మ తలుపు వేసి వచ్చి గౌను పైకెత్తి చూసింది. తొడ మీద రెండు గోళ్ళ గుర్తులు, వాటిలో నెత్తురు ఊరింది. కొబ్బరినూనె రాస్తూ, "మూతి తిప్పకుండా ఉండేది నేర్పల్ల దీనికి," అంది.

"నేర్పితే నీళ్ళ సంగతి ఎట్ల తెల్సేది?" అన్నాను.

తుంగ మొహం తిప్పితే కంపెనీ ఎత్తుకుపోతుంది, తిప్పకపోతే పసరు ఎత్తుకుపోతుంది. పారిపోదామంటాడు అక్కులప్ప. ఎక్కడికి పోయినా నీళ్ళు వలల్లోంచే కదా రావాలి.

అశ్వని కార్తె, శుక్రవారం

పొద్దున్నే ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. తుంగను ఒళ్ళోకి తీసుకుని, మొదటి బిందెలో వేలు ముంచబోయాను. ఇంకా ముంచలేదు, చెయ్యి పొడిగానే ఉంది. నిన్న గిల్లిన ఆ చెయ్యి తన వైపు రావడం చూసి తుంగ మొహం తిప్పేసుకుంది.

రెండో చెయ్యి పెట్టి చూశాను. దానికీ తిప్పుకుంది.

"మంచిదేనా అక్కా?" అని కిటికీ అవతల అడుగుతున్నారు. నేను పిల్లను గుండెకు హత్తుకుని తల వాసన చూశాను. నేరేడు పండు, చెరకు పానకం, తొలి చినుకు పడ్డ మట్టి. ఎంత బాగుందో చెప్పలేను. కిటికీ దగ్గరే కూర్చుని ఏడుస్తున్నాను, అవతల బిందెలు పట్టుకుని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు.